పిల్లలకు బైపోలార్ ఉందేమోనని అనుమానం వస్తే ఏం చేయాలి, ఎలా చేయాలి

మా అమ్మాయి సంగతి తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మావాడు కొన్నాళ్ళు నిద్ర కూడా లేకుండా ఉత్సాహంతో ఊగిపోతాడు, తర్వాత నెల రోజులు మంచం దిగడు. ఇది వయసా, పొగరా, జబ్బా? ఏం చేయమంటారు?" ఫోన్‌లో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒక ముఖ్యమైన సంగతి మర్చిపోతున్నాను. అందుకే వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, గుంటూరులో ఉండే ఒక తల్లిని. మా అమ్మాయికి బైపోలార్ పదహారో ఏట మొదలైంది, ఇప్పుడు ఇరవై రెండు. ఇందులో మందుల గురించి రాసినవి మీరు డాక్టర్ని అడగడానికే. మీ అంతట మీరు మొదలుపెట్టడానికో ఆపడానికో కాదు.

జబ్బు గురించి తెలియాల్సినంత చెబుతాను. బైపోలార్‌లో మనిషి తన మామూలు తీరు నుంచి బయటికి వెళ్ళి కొన్ని రోజులు అలాగే ఉండిపోతాడు. ఉత్సాహం, వేగం హద్దు దాటే పై దశను మేనియా అంటారు, అది సాధారణంగా వారం పైన ఉంటుంది. అంత తీవ్రంగా కాకుండా కనీసం నాలుగు రోజులు ఉంటే హైపోమేనియా అంటారు. కింది దశ డిప్రెషన్, రెండు వారాలు, అంతకంటే ఎక్కువ. పొద్దున నవ్వి సాయంత్రం తలుపు వేసుకుంటే అది బైపోలార్ కాదు, ఆ వయసు పిల్లల్లో మామూలే. చిన్నపిల్లల్లో ఈ జబ్బు అరుదు, ఎక్కువగా టీనేజీ చివర్లో, ఇరవైల్లో బయటపడుతుంది. పదేళ్ళ బాబు రోజూ కోపంతో వస్తువులు విసురుతుంటే డాక్టర్‌కు చూపించాల్సిందే, కానీ దానికి పేరు మీరు పెట్టకండి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- 200 పేజీల నోట్‌బుక్ ఒకటి, అందులోనే పెట్టిన పెన్ను
- పాత మందుల చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో
- తాళం వేసుకోగలిగిన పెట్టె లేదా బీరువాలో ఒక అర
- ఇంట్లో అందరి ఫోన్లలో మూడు నంబర్లు: టెలీ మానస్ 14416, అంబులెన్సుకు 108, అత్యవసరానికి 112. టెలీ మానస్ అంటే మానసిక ఆరోగ్య సాయం కోసం 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఫోన్ సేవ. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు.
- మీ మాట బయటికి పోనివ్వని మనిషి ఒక్కరు. పిన్ని కావచ్చు, పక్కింటి ఆవిడ కావచ్చు. ఒంటరిగా మోయలేరు.

1. నాలుగు వారాలు రాయండి

పిల్లవాడు చచ్చిపోతానంటున్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయంటున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉన్నా ఈ మెట్టు వదిలేసి నేరుగా 8వ మెట్టుకు వెళ్ళండి. అంత ప్రమాదం లేకపోతే ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఆ రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి.

రోజుకు నాలుగు లైన్లు చాలు. ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, పగలు అలసటగా కనిపించిందా, తిండి, మాట వేగం, డబ్బు ఖర్చు, గొడవలు. ఆడపిల్ల అయితే నెలసరి తేదీలు. చివర్లో ఒక అంకె: మామూలుగా ఉంటే సున్నా, పైకి వెళ్తే ప్లస్ 1 నుంచి 3, కిందికి వెళ్తే మైనస్ 1 నుంచి 3.

మీ తీర్పు కాదు, కళ్ళతో చూసింది రాయాలి. "ఈరోజు బాగా పొగరుగా ఉంది" అని రాస్తే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు. "రాత్రి 2 గంటలకు అల్మరా అంతా కింద పోసి సర్దింది. 4 గంటలకు తలస్నానం చేసింది. పగలు పడుకోలేదు, ఆవలింత కూడా లేదు. నాన్నని మాట మధ్యలో ఏడెనిమిది సార్లు ఆపింది" అని రాస్తే అంతా అర్థమవుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా గమనించాల్సింది నిద్ర. నిద్ర పట్టక మర్నాడు నీరసంగా వేలాడటం వేరు. మూడు గంటలే పడుకుని మర్నాడు ఏమీ జరగనట్టు దూసుకుపోవడం వేరు. రెండోది వరసగా నాలుగు రోజులు కనిపిస్తే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

దాచిపెట్టి రాయకండి. ఎప్పుడో ఒకరోజు దొరుకుతుంది, ఆ రోజుతో నమ్మకం పోతుంది. "నీ నిద్ర సరిగ్గా లేదు కదమ్మా, డాక్టర్‌కు చూపించడానికి రాస్తున్నా" అని చెప్పండి. పదిహేనేళ్ళు దాటిన పిల్లలైతే అంకె వాళ్ళనే వేయమనండి. మా అమ్మాయి వేసిన అంకెకూ నేను వేసిన అంకెకూ తేడా వచ్చిన రోజులే డాక్టర్‌కు ఎక్కువ పనికొచ్చాయి.

2. రెండు వైపుల పెద్దవాళ్ళనూ అడగండి

ఈ జబ్బు కుటుంబాల్లో నడిచే అవకాశం ఉంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ, అయినా అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి రాదు. మన ఇళ్ళలో దీన్ని జబ్బు పేరుతో ఎవరూ చెప్పరు. "మీ చిన్నతాతకు కొన్నాళ్ళు మతి స్థిమితం లేదు", "అత్తయ్యకు కరెంటు పెట్టించారు", "మావయ్య ఉన్నట్టుండి రెండెకరాలు అమ్మేసి ఊరు వదిలి వెళ్ళిపోయాడు". ఇలాంటి మాటలు వింటే రాసుకోండి. మా ఇంట్లో మా అత్తగారిని అడగడానికి నాకు నెల పట్టింది. "మీ వైపు నుంచే వచ్చిందా" అన్నట్టు వినిపిస్తుందేమోనని భయం. చివరికి "డాక్టర్ గారు రెండు వైపులా అడిగి రమ్మన్నారండీ, మా అమ్మను కూడా అడిగాను" అంటే, ఆవిడ కూర్చోబెట్టి అంతా చెప్పారు. మీరూ అలా మొదలుపెట్టండి.

3. వేరే కారణాలు ఉన్నాయేమో చూడండి

థైరాయిడ్ తేడా, ఫిట్స్, ఉబ్బసానికో మరొకదానికో వాడే స్టెరాయిడ్ మాత్రలు, గంజాయి, రాత్రంతా ఫోన్. ఇవన్నీ మూడ్‌ను మారుస్తాయి. ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న పిల్లలూ నిలకడగా ఉండరు, కానీ అది చిన్నప్పటి నుంచి రోజూ ఒకే తీరుగా ఉంటుంది. బైపోలార్ దశలు దశలుగా వస్తుంది, మధ్యలో పిల్ల మళ్ళీ మన పిల్లలాగే ఉంటుంది. ఇంకొకటి, రాయడానికి కష్టంగా ఉన్నా రాయాలి: బడిలోనో, హాస్టల్లోనో, బంధువుల ఇంట్లోనో పిల్లను ఎవరైనా బాధపెట్టి ఉండొచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు, తొందరపెట్టకుండా అడగండి.

4. సరైన డాక్టర్ దగ్గరికి, సరైన వివరాలతో వెళ్ళండి

మన దగ్గర ముందు "నరాల డాక్టర్" దగ్గరికి పరిగెత్తుతారు. ఫిట్స్ అనుమానం ఉంటే సరే, లేకపోతే వెళ్ళాల్సింది సైకియాట్రిస్ట్ దగ్గరికి. సైకాలజిస్ట్ మాట్లాడి సాయం చేస్తారు, అది చాలా అవసరం, కానీ మందు రాసేది సైకియాట్రిస్టే. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ప్రైవేటులో అయితే విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట వైపు వెతుక్కోవచ్చు. విషయం తేలకపోతే మానసిక, నరాల వైద్యానికి జాతీయ సంస్థ అయిన బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకూ కౌమారంలో ఉన్నవాళ్ళకూ ప్రత్యేక విభాగం ఉంది. ప్రభుత్వాసుపత్రికి పొద్దున్నే వెళ్ళండి. ఓపీ చీటీ తీసుకున్నాక పిల్లను రద్దీలో నిలబెట్టకుండా, ఒకరు వరసలో ఉండి ఇంకొకరు బయట చెట్టు కింద కూర్చోబెట్టుకోవడం మేలు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే అడిగినవాళ్ళలో చాలామంది ఇదే చేశారు. ఇంటర్ మొదటి ఏడాదిలో మా అమ్మాయి తొమ్మిది రోజులు రోజుకు మూడు గంటలే పడుకుంది. నోట్‌బుక్కుల నిండా రాసింది, ఐఐటీలో మొదటి ర్యాంకు తనదేనంది, లెక్చరర్లకే తప్పులు దిద్దింది. మేం మురిసిపోయాం. మా వారు ఫోన్ చేసి అందరికీ చెప్పుకున్నారు. తర్వాత ఆరు వారాలు ఏడుపు, మంచం. డాక్టర్ దగ్గర నేను ఆరు వారాల ఏడుపు ఒక్కటే చెప్పాను. తొమ్మిది రోజులు చెప్పలేదు, అవి నాకు జబ్బులా కాదు, వరంలా కనిపించాయి. ఆయన విన్నదాన్ని బట్టి డిప్రెషన్ మాత్ర ఒక్కటే రాశారు. నెల తిరగకముందే పిల్ల నిద్ర పూర్తిగా పోయి, చేయి దాటిపోయింది. బైపోలార్ ఉన్నవాళ్ళకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా రావచ్చని నాకు తర్వాత తెలిసింది.

అందుకే లోపలికి వెళ్ళగానే ఈ మూడూ చెప్పండి:

- బాధగా ఉన్న రోజులు ఎప్పుడు, ఎన్నాళ్ళు
- మరీ "బాగున్న" రోజులు ఎప్పుడు, అప్పుడు ఎన్ని గంటలు పడుకుంది
- కుటుంబంలో ఎవరికి ఏం వచ్చింది

పిల్లతో విడిగా కాసేపు మాట్లాడమని మీరే అడిగి బయటికి రండి. మన ముందు చెప్పనివి చాలా ఉంటాయి. మొదటిసారే జబ్బు పేరు చెప్పకుండా "కొన్నాళ్ళు చూద్దాం" అంటే నిరాశపడకండి. చూసి చెప్పే డాక్టర్ జాగ్రత్తగా ఉన్నట్టే.

5. నిద్రను కాపాడండి

మీ చేతిలో ఉన్న మందు ఇది ఒక్కటే అనుకోండి. నిద్ర తగ్గితే పై దశ రావచ్చు. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి. పడుకునే టైము, లేచే టైము ఆదివారమైనా మారకూడదు.

మన విజయవాడ, గుంటూరు చదువుల్లో కష్టం ఇక్కడే వస్తుంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున ఐదుకు ముందే లేపడం, నెలకో ఔటింగ్. అనుమానం ఉన్న పిల్లను అలాంటి హాస్టల్లో ఉంచవద్దని గట్టిగా చెబుతాను. డే స్కాలర్‌గా మార్చండి. మార్చడం కుదరకపోతే డాక్టర్ ఉత్తరం తీసుకెళ్ళి, రాత్రి పదికి లైట్లు ఆపేలా, తెల్లవారుజామున లేపకుండా ఉండేలా ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. దానికీ ఒప్పుకోకపోతే ఏడాది పోయినా ఫర్వాలేదు, ఇంటికి తెచ్చుకోండి. మేం తెచ్చుకున్నాం. పిల్ల ఒక ఏడాది ఆలస్యంగా డిగ్రీలో చేరింది.

చిన్నగా కనిపించి దెబ్బకొట్టేవి ఇంకా ఉన్నాయి. అర్ధరాత్రి రెండింటి ముహూర్తం పెళ్ళికి పిల్లను తీసుకెళ్ళడం (పగలు భోజనాలకు తీసుకెళ్ళండి, పీటల మీద కూర్చునేది వాళ్ళు కాదు కదా), శివరాత్రి జాగరణ, రాత్రి బస్సు ప్రయాణాలు, పరీక్షల ముందు నైటౌట్లు, సాయంత్రం తర్వాత కాఫీ. రాత్రి తొమ్మిదికి ఫోన్లన్నీ హాల్లో ఒక బుట్టలో వేయాలి, మీ ఫోన్ కూడా. పిల్లది ఒక్కటే తీసుకుంటే అది శిక్ష అవుతుంది.

6. మందులు రాస్తే

మాత్రలు తాళం ఉన్న పెట్టెలో, మీ చేతి మీదుగా ఇవ్వండి. ఒక డోసు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి ఇవ్వకండి, డాక్టర్‌కు ఫోన్ చేయండి. పాత చీటీ చూపించి మందుల షాపులో నెలల తరబడి అవే కొనకండి.

లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) రాస్తే మన ఎండలు గుర్తుంచుకోవాలి. ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. రోహిణి కార్తెలో, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు, కటిక ఉపవాసాల్లో మరీ జాగ్రత్త. నీళ్ళు, మజ్జిగ ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. ఒళ్ళు నొప్పులకు ఐబుప్రొఫెన్ లాంటివి డాక్టర్‌ను అడగకుండా వేయకండి, అవీ లిథియాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, తూలి నడవడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. లిథియం స్థాయి చూసే రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేయండి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో అడిగి నోట్‌బుక్ అట్ట మీద రాసుకోండి.

ఆడపిల్లకు వాల్‌ప్రోయేట్ (ఇదీ అలాంటి మందే) రాస్తే పీసీఓడీ (నెలసరి తప్పే హార్మోన్ సమస్య) గురించి, ముందు ముందు గర్భం గురించి సిగ్గుపడకుండా అడగండి. గర్భంలో శిశువుకు హాని చేసే మందు అది, వేరేది ఉందా అని అడిగే హక్కు మీకుంది. లామోట్రిజిన్ మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు వస్తే అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. కొన్ని మందులకు ఆకలి, బరువు పెరుగుతాయి. పిల్లలు మందు మానేసేది ఎక్కువగా దీనికే, కాబట్టి "లావయ్యావు" అనే బంధువుల నోళ్ళు ముందే మూయించండి.

గుణదల మాతకు మొక్కుకోండి, దుర్గమ్మ కొండ ఎక్కండి, దర్గాకు వెళ్ళండి. నేనూ వెళ్ళాను, ధైర్యం వచ్చింది. కానీ మాత్ర ఆపమని చెప్పే చోటుకు, పేరు లేని పొడులు ఇచ్చే చోటుకు, పిల్లల్ని కట్టేసే చోటుకు వెళ్ళకండి.

7. ఇంట్లో ఎలా మాట్లాడాలి

పై దశలో వాదన పెట్టుకోకండి. "నువ్వు చెప్పేది తప్పు" అంటే గంటసేపు గొడవ. "సరే, రేపు పొద్దున మాట్లాడుకుందాం, ఇప్పుడు అన్నం తిను" చాలు. చుట్టాలను రానివ్వకండి, టీవీ తగ్గించండి. బండి తాళాలు, ఏటీఎం కార్డు, ఫోన్‌లో డబ్బు పంపే యాప్‌లు మీ దగ్గర ఉంచుకోండి. ఇవన్నీ పిల్ల మామూలుగా ఉన్నప్పుడే మాట్లాడి ఒప్పందం చేసుకుంటే, తర్వాత లాక్కున్నట్టు ఉండదు.

కింది దశలో "నీకేం తక్కువ చేశాం?" అన్న మాట ఇంట్లో వినపడకూడదు. పని చిన్నదిగా ఇవ్వండి: లేచి మొహం కడుక్కోవడం, డాబా మీద పది నిమిషాలు. అయ్యింది చాలు అనండి.

చావు మాట ఎత్తితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయపడతారు. అలా కాదు. నేరుగా, మెల్లగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అవునంటే తిట్టకండి, ఏడవకండి, ఒట్లు వేయించుకోకండి. పక్కనే ఉండి 14416కు గానీ డాక్టర్‌కు గానీ ఫోన్ చేయండి. మిర్చి, పత్తి వేసే ఇళ్ళవాళ్ళు ఈ రోజే పురుగుల మందు, గడ్డి మందు ఇంట్లోంచి, పొలం పాకలోంచి తీసేసి దూరంగా ఇంకొకరి తాళం కింద పెట్టించండి. ఈ జిల్లాల్లో ఇంతకంటే ముఖ్యమైన పని లేదు. ఇంట్లో అమ్మమ్మ బీపీ, షుగరు మాత్రలు కూడా తాళంలోకే.

ఇంకో బిడ్డ ఉంటే, వాళ్ళకూ విషయం చెప్పండి. వారానికి ఒక సాయంత్రం పూర్తిగా వాళ్ళకే ఇవ్వండి.

8. అత్యవసరమైతే

రెండు రాత్రులు అసలు నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, వినిపించడం, తనకు దేవుడు పూనాడని రోడ్డు మీదికి వెళ్ళడం, ఎవరినైనా కొట్టబోవడం, చావు ప్రయత్నం. ఏది జరిగినా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. ఏదైనా మింగినట్టు అనుమానం ఉంటే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, ఆ డబ్బా చేతపట్టుకుని దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్ళండి.

పోలీసు కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు చూడాలి, శిక్షించకూడదు. అదే చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల్ని చేర్చుకుంటే పెద్దవాళ్ళ వార్డులో కలిపి ఉంచకూడదు, మీరో మీ తరఫు మనిషో వెంట ఉండాలి. గొలుసులతో కట్టడం నిషేధం. ఎవరైనా "తల్లిదండ్రులు బయటికి వెళ్ళండి, వారం తర్వాత రండి" అంటే ఈ మాట చెప్పి అక్కడే ఉండండి.

9. కాలేజీకి ఎంత చెప్పాలి

ఒక్కరికే చెప్పండి, నమ్మకమున్న క్లాస్ టీచర్‌కో ప్రిన్సిపాల్‌కో. జబ్బు పేరు అవసరం లేదు. "నిద్రకు సంబంధించిన వైద్యం నడుస్తోంది, రాత్రి చదువు వద్దన్నారు, ఇలా కనిపిస్తే నాకు ఫోన్ చేయండి" చాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. జబ్బు ఎక్కువకాలం నిలిస్తే సర్టిఫికెట్ గురించి ప్రభుత్వాసుపత్రిలో అడగండి.

అందరూ చేసే తప్పులు

మూడు నెలలు బాగుండగానే మందు ఆపేయడం మొదటిది. బాగుంది కాబట్టి ఆపడం కాదు, మందు వేస్తున్నాం కాబట్టి బాగుంది. ఆపాలంటే డాక్టరే మెల్లగా తగ్గించాలి. "పెళ్ళి చేస్తే కుదురుతుంది" అన్న మాట వినడం రెండోది. పెళ్ళి వైద్యం కాదు, అవతలి ఇంటి బిడ్డకూ అన్యాయం. నెలకో డాక్టర్‌ను మార్చడం, ప్రతి అల్లరినీ జబ్బు ఖాతాలో వేయడం కూడా చూస్తుంటాను. పిల్లకు మామూలుగా అలిగే హక్కు కూడా ఉంటుంది. అలిగిన రోజు రాత్రి ఎనిమిది గంటలు పడుకుందంటే వదిలేయండి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నవ్వుతోందా లేదా అని చూడకండి, నోట్‌బుక్ చూడండి. నెలకోసారి నాలుగు లెక్కలు వేయండి: ఏడు గంటలకు తక్కువ పడుకున్న రాత్రులెన్ని, ప్లస్ 2 గానీ మైనస్ 2 గానీ దాటిన రోజులెన్ని, కాలేజీ మానేసిన రోజులెన్ని, తప్పిన డోసులెన్ని. మొదటి నెలలో పెద్ద తేడా రాకపోవచ్చు. మూడో నెలకు నిద్ర గాడిలో పడాలి. ఆరో నెలకు దశల మధ్య దూరం పెరగాలి, వచ్చినా తొందరగా తగ్గాలి. డోసులు తప్పకుండా వేసినా అంకెలు కదలకపోతే, అప్పుడు అదే నోట్‌బుక్ పట్టుకుని రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. మొదటి డాక్టర్‌కు చెప్పే వెళ్ళండి, తప్పేమీ కాదు.

అపాయింట్‌మెంట్‌కు ముందు రోజు రాత్రి ఈ నాలుగు లెక్కలూ ఒక చిన్న కాగితం మీద ఎక్కించి, కింద మీరు అడగాల్సిన ప్రశ్నలు రాసి, ఓపీ చీటీకి గుచ్చి పెట్టుకోండి. లోపల దొరికేది పది నిమిషాలే. ఆ కాగితం ముందు డాక్టర్ చేతికిచ్చి, తర్వాత కూర్చోండి.